బోర్డు మీద పాస్‌వర్డు

మా ఇంటి నెట్ పాస్‌వర్డు మా దుకాణం బోర్డు మీద ఉండేది. దాన్ని ఎవరో దొంగచాటుగా రాయలేదు. మా మావయ్యగారే పెయింటరు చేత దగ్గరుండి రాయించుకున్న దుకాణం ఫోన్ నంబరు అది. పసుపు మీద ఎర్రటి అంకెలు, ఒక్కొక్కటి జానెడు ఎత్తు. నరసరావుపేట బస్టాండు వైపు నుంచి ఆటోలో వచ్చేవాళ్ళకు కళ్ళజోడు లేకపోయినా కనపడతాయి. నెట్ బిగించిన రోజు కేబుల్ ఆయన, "పాస్‌వర్డు ఏం పెట్టమంటారు పెద్దాయనా" అని అడిగితే, మావయ్య తల కూడా ఎత్తకుండా, "మన నంబరే పెట్టు. ఎవరడిగినా చెప్పటం తేలిక" అన్నారు.

ఎవరడిగినా చెప్పేదానికి అసలు పాస్‌వర్డు ఎందుకు అని ఆ రోజే అడగాల్సింది. అడిగాను కూడా. అడగకుండా ఊరుకునే మనిషిని కాదు నేను.

కింద దుకాణం, పైన ఇల్లు. విత్తనాలు, పురుగుమందులు అమ్ముతాం. ఈపూరు నుంచి, సత్తెనపల్లి వైపు ఊళ్ళ నుంచి వచ్చే రైతులు బస్సు దిగి మా అరుగు మీద కూర్చుంటారు. "శెట్టిగారూ, ఫోన్లో నెట్టు అయిపోయింది" అని ఎవరైనా అంటే చాలు, మావయ్య మాట్లాడకుండా వేలు పైకి చూపించేవారు. వాళ్ళు లేచి, రోడ్డు మీదకు నాలుగడుగులు వెనక్కి నడిచి, మెడ ఎత్తి బోర్డు చూసుకుంటూ ఒక్కో అంకే నొక్కుకునేవాళ్ళు. ఎదురుగా మెకానిక్ షెడ్డు, పక్కన టైలరు, మూల మీద టీ బంకు, అందరిదీ అదే నెట్. ఆ బజారులో కొత్తగా ఎవరు షాపు తెరిచినా ముందు మా ఎదురుగా నిలబడి బోర్డు చదివేవారు.

"మావయ్యా, పాస్‌వర్డంటే మనకు తప్ప ఇంకొకరికి తెలియకూడదు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"మంచినీళ్ళ కుండ బయట పెట్టి మూతకు తాళం వేస్తామా, అమ్మాయ్" అనేవారు.

"కుండలో నీళ్ళయిపోతే మళ్ళీ పోసుకుంటాం. ఇదట్టా కాదు."

"ఇది అసలు అయిపోనే అయిపోదంటగా. ఇంక నీ బాధేంది" అని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది, ఆయనకు నవ్వొచ్చేది. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఏ విషయమైనా ఇంతే.

పోయిన చలికాలంలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ ఆయన పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆయన నోట్లో మిగిలింది ఒకే ఒక్క శబ్దం: "తత్త". ఆకలైనా తత్త, నొప్పయినా తత్త. డాక్టరు నన్నూ మా ఆయన్నూ పక్కకు పిలిచి, చెయ్యీ కాలూ సంగతి ఎట్లా ఉన్నా, మాట రావాలంటే ఈ మొదటి నెలలే ముఖ్యం, ఒక్క రోజు కూడా వృథా చెయ్యొద్దు అని చెప్పారు. అరిచి అరిచి బేరం చేసే మనిషి, రోజుకు వంద మందిని పేరు పెట్టి పలకరించే మనిషి. ఆ మాట తిరిగి రావడం మా చేతుల్లో ఉందని చెప్పి పంపించారు.

గుంటూరులో మాట నేర్పే మేడం ఒకరున్నారు. రెండు సార్లు కారులో తీసుకెళ్ళాం. మా మెట్లు చానా నిటారు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ దించడం, మళ్ళీ ఎక్కించడం. రెండో సారి వచ్చాక మూడు రోజులు జ్వరం. దాంతో మేడమే, "వీడియోలో చేద్దామండీ, సోమవారం, గురువారం, సాయంత్రం అయిదింటికి" అన్నారు. ఆవిడకు ఖాళీ ఉన్నది ఆ ఒక్క గంటే. మా బజారంతా పనులు కట్టిపెట్టి ఫోన్లు చేతిలోకి తీసుకునేదీ ఆ గంటే.

మాట పోయినవాళ్ళకు మాట నేర్పడమంటే వినిపించడం కాదని నాకప్పుడే తెలిసింది. చూపించాలి. మేడం తన నోటిని కెమెరాకు దగ్గరగా పెట్టి, పెదాలు ఎట్లా మూసుకోవాలో, నాలుక ఎక్కడ ఆనాలో నెమ్మదిగా చేసి చూపిస్తారు. మావయ్య ఆ నోటినే చూస్తూ తన నోటితో అట్లాగే చెయ్యాలి. మొదటి సోమవారం ఆవిడ "ఆ" అని నోరు తెరిచారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది. తెర మీద ఒక గుండ్రం తిరుగుతోంది. మావయ్య కూడా నోరు తెరిచారు. ఆవిడ మూస్తే తనూ మూద్దామని చూస్తున్నారు. ఆవిడ మూయరు. పెదవి చివర నుంచి చొంగ కారి లాల్చీ మీద పడుతోంది, ఆయన మాత్రం బుద్ధిగా నోరు తెరుచుకునే ఉన్నారు. నేను టాబ్లెట్ పట్టుకుని ఇటు తిప్పాను, అటు తిప్పాను. బొమ్మ కదిలేసరికి ఆవిడ నోరు "మ" దగ్గరుంది, గొంతు "ఆ" దగ్గరుంది. ఆయనకు ఏది చెయ్యాలో తెలియక నావైపు చూశారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

ఫోన్లో డేటాతో చేద్దామంటే మా ఇల్లు పాతకాలం రాతి గోడల ఇల్లు. లోపల సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. డాబా మీదకు ఆయన్ను ఎక్కించలేం. మిగిలింది ఆ నెట్ పెట్టె, అదే రూటర్, ఒక్కటే. బజారు మొత్తాన్ని దాన్లోంచి దింపాలి.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. పెట్టె అడుగున చిన్న చీటీ అంటించి ఉంటుంది, దాని మీదున్న అంకెలు ఫోన్లో కొడితే పెట్టె లోపలి పేజీ తెరుచుకుంటుంది, అక్కడ యూజర్‌నేమ్, పాస్‌వర్డు ఇస్తే లోపలికి వెళ్ళొచ్చు. పేజీ తెరుచుకుంది. చీటీ మీదున్న పాస్‌వర్డు కొట్టాను. తప్పంది. దుకాణం నంబరు కొట్టాను. తప్పంది. మా పెళ్ళి రోజు, పిల్లల పేర్లు, మా కులదైవం పేరు, దుకాణం పెట్టిన సంవత్సరం కొట్టాను. ఏడెనిమిది తప్పులయ్యాక పెట్టెకే విసుగొచ్చి, కాసేపాగి ప్రయత్నించమని చెప్పి తలుపేసుకుంది.

కేబుల్ ఆయనకు ఫోన్ చేశాను. ఆయనకు యాభై దాటి ఉంటాయి, ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళకు తీగలు లాగింది ఆయనే.

"లోపలి పాస్‌వర్డా మేడం? అది పెద్దాయన పెట్టుకున్నారు గదా. 'ఇది మాత్రం మీకు తప్ప ఎవరికీ తెలవగూడదు' అని నేనే చెప్పా. నన్ను అటు తిరగమని, ఆయనే ఏందో కొట్టుకున్నారు."

దాచుకోవాల్సినదాన్ని జానెడేసి అంకెలతో బజారుకు రాసిపెట్టిన మనిషి, దీన్ని మాత్రం పక్కన నిలబడ్డవాడిని కూడా అటు తిరగమని చెప్పి దాచుకున్నారన్నమాట. ఒకరు చెప్పిన మాట ఆయన విన్నది ఒక్కసారే, అదీ ఇక్కడ.

"మరిప్పుడు ఎట్లా?"

"వెనక చిన్న బొక్క ఉంటది, పిన్నీసు పెట్టి నొక్కితే మొత్తం పోద్ది. కానీ నొక్కబాకండి. నొక్కితే మీ కనెక్షన్ వివరాలు కూడా పోతయ్. మళ్ళా నేనొచ్చి ఎక్కించాలి. నేనిప్పుడు గురజాల దగ్గరున్నా. రోడ్డు పనోళ్ళు తీగంతా తెంపేశారు. శనివారం దాకా కదల్లేను."

గురువారం క్లాసుంది. శనివారం దాకా ఆగితే గురువారం కూడా ఆ ఆగిపోయిన నోరే. అందుకని ఆ రెండు రోజుల్లో మావయ్య దగ్గర్నుంచే ఆ పాస్‌వర్డు రాబట్టాలని నా బుద్ధికి తోచింది. ఎంత తెలివితక్కువ బుద్ధో అప్పుడు తెలియలేదు.

విత్తనాల అట్టపెట్టె ఒకటి చింపి, దాని మీద ఇంగ్లీషు అక్షరాలన్నీ, అంకెలన్నీ పెద్దగా రాశాను. బుధవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన ఒళ్ళో పెట్టాను. "మావయ్యా, నెట్ పెట్టెకు లోపలి పాస్‌వర్డు ఒకటి పెట్టారు గదా, కేబుల్ ఆయన్ను అటు తిరగమని. అది ఎడమ చేత్తో ఒక్కో అక్షరమే చూపించండి."

ఆయనకు నేనడిగింది అర్థమైంది. కళ్ళల్లో కనపడింది. ఎడమ చేతి వేలు పైకెత్తి అట్ట మీద పెట్టారు. జె. తర్వాత నాలుగు. తర్వాత మళ్ళీ జె. తల అడ్డంగా ఊపి మొదటికి వచ్చారు. ఈసారి ఎం. మళ్ళీ తల ఊపారు. అక్షరాలు చదవడం కూడా ఆ జబ్బుతోనే పోతుందని మేడం నాకు ముందే చెప్పారు. చెప్పినా నాకు చెవికెక్కలేదు. అరగంట కూర్చున్నాను. ఆయన వేలు అట్ట మీద తిరుగుతూనే ఉంది.

"అదొక్కటి గుర్తు తెచ్చుకోలేరా మావయ్యా? బజారోళ్ళందరికీ చెప్పారు, నాకు చెప్పలేరా?" అన్నాను.

అన్నాను. ఇంకెవరో అన్నట్టు రాయలేను. ఆయన అట్టను ఎడమ చేత్తో తోసేశారు. "తత్త, తత్త, తత్త" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి నా మీద కోపం మొత్తం తెచ్చి ఆ పెట్టె మీద చూపించాను. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, ఆ బొక్కలో గుచ్చి, దీపాలన్నీ ఆరిపోయేదాకా నొక్కి పట్టుకున్నాను. నొక్కబాకండి అని చెప్పారు గదా అని మా ఆయన కింద నుంచి వచ్చి అడిగేసరికి అయిపోయింది. మావయ్య ఏ మాట పెట్టుకున్నారో ఇప్పటికీ మాకు తెలియదు.

గురువారం అసలు నెట్టే లేదు. మేడంకు ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, ఇప్పుడు గ్యాప్ రాకూడదండీ" అన్నారావిడ, చాలా మర్యాదగా. ఆ మర్యాదకు సిగ్గుతో చచ్చిపోయాను. మావయ్య అయిదింటికల్లా జుట్టు దువ్వించుకుని కుర్చీలో కూర్చుని నల్లగా ఉన్న టాబ్లెట్ వైపు చూస్తున్నారు.

శనివారం కేబుల్ ఆయన వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. నేను కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. కనెక్షన్ వివరాలు ఎక్కించాడు, దీపాలు వెలిగాయి. నేను ఆపే లోపే వేళ్ళు అలవాటుగా తిరిగాయి, పేరు దగ్గర మా దుకాణం పేరు, పాస్‌వర్డు దగ్గర మా దుకాణం నంబరు కొట్టేశాడు. ఎవరెవరు తగులుకున్నారో కనపడే పేజీ ఒకటి ఉంటుంది, అది చూపించమన్నాను. ముందు మా టాబ్లెట్ ఒక్కటే ఉంది. నేను చూస్తుండగానే రెండు, అయిదు, పదకొండు అయ్యాయి. మెకానిక్ షెడ్డులో టీవీ. టైలరు ఫోను. వెనక సందులో గాజుల షాపు వాళ్ళ కెమెరా ఒకటి, పగలూ రాత్రీ మా నెట్ మీద నడుస్తోంది. ఆ షాపు వాళ్ళతో మేము ఏనాడూ మాట్లాడి కూడా ఎరగం. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"నంబరు తీసెయ్యండి" అన్నాను.

"పెద్దాయన నంబరే గదా మేడం, అందరికీ అలవాటైంది."

"అందుకే తీసెయ్యమంటున్నా. లోపలి పాస్‌వర్డేం పెట్టారు?"

"అది నేను అన్ని ఇళ్ళకీ ఒకటే పెడతా మేడం. లేకపోతే నాకెట్టా గుర్తుంటది."

"లేవండి" అన్నాను. ఆయన లేచాడు. నేను కూర్చుని, లోపలి పాస్‌వర్డు మార్చాను. ఫోన్లలో కనపడే పెట్టె పేరు మా దుకాణం పేరు కాకుండా చేశాను. బటన్ నొక్కితే పాస్‌వర్డు లేకుండానే ఫోను కలిసే ఏర్పాటు ఒకటి ఉంటే దాన్ని ఆపాను. పైకి వాడే పాస్‌వర్డు పద్నాలుగు అక్షరాలది పెట్టాను, చిన్నవీ పెద్దవీ కలిపి, మధ్యలో చుక్కలూ గీతలూ. మా ఆయన దాన్ని నాలుగు సార్లు తప్పు కొట్టి, "నువ్వు నా మీద కూడా తాళం వేసినట్టున్నావు" అన్నారు. కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. పేజీలో ఇప్పుడు మూడే ఉన్నాయి: మా టాబ్లెట్, మా ఆయన ఫోను, నా ఫోను. ఆ మూడింటినీ చూసుకుంటూ ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో.

సోమవారం మేడం నోరు అద్దంలా స్పష్టంగా వచ్చింది. తెరిస్తే తెరుచుకుంది, మూస్తే మూసుకుంది. మావయ్య "ఆ" అన్నారు. గురువారం "మ" వచ్చింది. తర్వాతి వారం ఆవిడ అంకెలు మొదలుపెట్టారు. చిన్నప్పుడు వల్లె వేసినవి ఎక్కడో లోపల చెడిపోకుండా ఉంటాయట, వాటిని పట్టుకుని లాగుతారట. "ఒకటి, రెండు" అని ఆవిడతో కలిసి అంటూ అంటూ ఒక రోజు ఆరు దాకా వెళ్ళారు. నేను తలుపు వెనక నిలబడి పమిట నోట్లో కుక్కుకున్నాను.

కింద మాత్రం గొడవ మొదలైంది. ఎవరూ కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అంతకంటే చెడ్డగా జరిగింది. టీ బంకు ఆయన, "నెట్టు పోయిందేంది" అని అడిగితే మా ఆయన "మార్చాం" అన్నారు. "ఓహో" అన్నాడు. అంతే. టైలరు భార్య ఎదురుపడితే నన్ను చూసి కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. ఈపూరు రైతు ఒకాయన అరుగు మీద కూర్చుని, బోర్డు చూసుకుంటూ మూడు సార్లు నొక్కి, ఫోన్ జేబులో పెట్టుకుని, "పెద్ద శెట్టిగారు కింద కూర్చున్నప్పుడు ఇట్టా ఉండేది కాదయ్యా" అనేసి లేచి వెళ్ళిపోయాడు. అది మా ఆయన గుండెల్లో గుచ్చుకుంది.

"నాన్న ఉండగానే నాన్న పెట్టింది తీసేశామంటున్నారే" అన్నారు అన్నం ముందు కూర్చుని.

"ఆయన మాట కోసమే గదండీ తీసింది. మీరు పై మెట్టు మీద నిలబడి ఒక్కరోజు వినండి. ఆరు దాకా అంటున్నారు."

"అది బజారులో నేనెవరికి చెప్పను?"

"అందరికీ చెప్పండి. బోర్డు మీద రాయించండి" అన్నాను. ఆ పూట ఇద్దరం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఎదురు షెడ్డు మెకానిక్ మావయ్యను చూడ్డానికి పైకొచ్చాడు. సాయిబుల ఇంటి మనిషి. తన తండ్రి ఆ షెడ్డు పెట్టినప్పటి నుంచీ మావయ్యను బాబాయ్ అనే పిలుస్తాడు. చేతులకున్న గ్రీజు కింద కుళాయి దగ్గర కడుక్కుని, వరండాలో ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఈ రోజు ఎవరి బండి రిపేరుకు వచ్చింది, ఎవరు ఎవరితో పోట్లాడారు, ఆయనకు ఇష్టమైన కబుర్లన్నీ వరసగా చెప్పాడు. మావయ్య తల ఊపుతున్నారు. వాట్సాప్‌లో వచ్చిన తన మనవడి ఫొటో చూపిద్దామని ఫోన్ తీశాడు, అది రాలేదు. పాత అలవాటు కొద్దీ, ఆలోచించకుండానే అనేశాడు: "నెట్టు రావట్లేదు బాబాయ్. పాస్‌వర్డేంది?"

మావయ్య నోరు తెరిచారు.

"తొంభై నాలుగు" అన్నారు.

నేను చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన ఆగలేదు. జతలు జతలుగా అయిదు జతలు, పది అంకెలు, ఒక్కటి కూడా తొట్రుపడకుండా, దుకాణంలో కూర్చుని అడిగినవాళ్ళకు మా నంబరు చెప్పినట్టే చెప్పారు. అదే గొంతు. రెండున్నర నెలల తర్వాత ఆ గొంతు విన్నాం. మెకానిక్ నావైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. మావయ్య మాత్రం ఫోను వైపు చూస్తున్నారు, కొట్టు, కొట్టు అన్నట్టు గడ్డం ఎగరేస్తూ.

అతను పది అంకెలూ కొట్టాడు. తప్పని చూపించింది. నేనున్న చోటి నుంచి ఆ ఎర్ర అక్షరాలు కనపడ్డాయి. అతను ఫోన్ను తన వైపు తిప్పుకున్నాడు.

"కనెక్ట్ అయింది బాబాయ్" అన్నాడు.

మావయ్య ముఖం చూడాలి. నవ్వారు. మూతి ఒక వైపే లేచింది కానీ, అది నన్ను ఉడికించే ఆ పాత నవ్వే. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, "వస్తా బాబాయ్, మళ్ళా వస్తా" అని, మెట్ల దగ్గర నాతో నెమ్మదిగా, "ఏమనుకోబాకండి వదినా, కాదని చెప్పలేకపోయా" అన్నాడు. నేనేమనుకుంటాను. నాకు ఏడుపొస్తోంది, సంతోషమొస్తోంది, వాటన్నిటి కింద ఎవరి మీదో తెలియని కోపమొస్తోంది.

కబురు గంటలో బజారంతా పాకింది. మర్నాడు పొద్దున్నే టీ బంకు ఆయన పైకొచ్చాడు. "పెద్దాయనా, పాస్‌వర్డు?" మావయ్య చెప్పారు. "వచ్చింది పెద్దాయనా." తర్వాత టైలరు, ఆయన భార్య. సాయంత్రానికి ఆ ఈపూరు రైతు కూడా మెట్లెక్కాడు. అందరూ అడిగారు, అందరికీ చెప్పారు, అందరూ వచ్చిందన్నారు. జీవితంలో ఒక్క బస్తా తక్కువ తూకం వెయ్యని మనిషి, వచ్చినవాళ్ళందరి చేతిలో చెల్లని నంబరు పెట్టి పంపిస్తున్నారు, ఆ సంగతి ఆయనకొక్కరికే తెలియదు. ఆ నవ్వు చూస్తూ నేను రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు బీరువా తెరిచి, పెట్టె లోపలికి వెళ్ళి, నేనంత కష్టపడి పెట్టిన పద్నాలుగు అక్షరాలనూ కొట్టేసి, పెట్టె పాత పేరూ, దుకాణం నంబరూ మళ్ళీ పెట్టాను. నిమిషంలో ముప్పై దాటాయి. గాజుల షాపు కెమెరా అందరికంటే ముందొచ్చింది.

లోపలి పాస్‌వర్డు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఏం లాభం, ఏం ఒరిగింది అని మా ఆయన అడిగితే ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టాను.

సోమ, గురువారాలు అయిదింటికి అయిదు నిమిషాల ముందు వరండా చివర నిలబడి కిందకు కేకేయడం నా పనైంది. "క్లాసు మొదలవుతోంది, ఫోన్లు ఆపండి." చాలామంది ఆపేవారు. మెకానిక్ అయితే షెడ్డులో టీవీ ప్లగ్గే పీకేసేవాడు. కానీ అరుగు మీద ఎప్పుడూ ఒక కొత్త మనిషి ఉండేవాడు, వాడికి ఈ సంగతి తెలిసేది కాదు. నేను దిగి వెళ్ళి చెప్పి మళ్ళీ ఎక్కేసరికి పది నిమిషాలు పోయేవి. మోకాళ్ళు నాకు మాత్రం ఇనుమువా?

మేడంకు నంబరు సంగతి చెబితే ముందు సంతోషించారు. "మంచిదేనండీ. కానీ అదొక పాటలా దానంతటదే వచ్చేస్తుంది. మిగతా మాటల చోట్లో కూడా అదే వచ్చి కూర్చోకుండా చూసుకోవాలి" అన్నారు. ఆవిడ అన్నట్టే అయింది. తత్త పోయింది, దాని చోట్లో నంబరు వచ్చింది. మంచినీళ్ళు కావాలన్నా తొంభై నాలుగు. ఫ్యాను ఆపమన్నా తొంభై నాలుగు. అల్లరి చేస్తున్న పిల్లలను కసిరినా, పది అంకెలూ వరసగా కసిరేవారు. "ఒకటి, రెండు" అని మేడం మొదలుపెట్టినా రెండో అంకెకే ఈ నంబరు పట్టాల మీదకు దూకి ఆఖరి దాకా వెళ్ళిపోయేవారు. బజారోళ్ళను ఎవరు అడగమన్నారు అని కొన్నాళ్ళు వాళ్ళ మీద మండిపడ్డాను. అసలు పాస్‌వర్డు మార్చకుండా ఉండాల్సింది అని కొన్నాళ్ళు నా మీద నేను మండిపడ్డాను. ఎవరి మీద మండిపడినా ఆయన నోట్లోంచి వచ్చేది అదే.

మొన్న గురువారం మేడం మనుషులను గుర్తుపట్టే పాఠం మొదలుపెట్టారు. నన్ను ఆయనకు కనపడేలా పక్కన కూర్చోమన్నారు. ఆవిడకు ముందే చెప్పాను, ఆయన నన్ను ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదని, అమ్మాయ్ అనే పిలుస్తారని.

"ఈవిడ ఎవరండీ? ఈవిడను మీరేమని పిలుస్తారు? నా నోరు చూడండి. అ..."

అక్కడే ఆగిపోయింది. గుండ్రం తిరుగుతోంది. కింద అరుగు మీద ఎవడో కొత్తవాడు వచ్చి ఉంటాడు. నేను లేవబోయాను. మావయ్య ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. తెర మీద కదలని నోటిని వదిలేసి, నా నోటి వైపు చూస్తున్నారు. నేను మళ్ళీ కూర్చుని, ముఖం ఆయనకు దగ్గరగా పెట్టి, మేడం చేసినట్టే పెదాలు మెల్లగా కదిపాను. "అమ్మాయ్. అనండి మావయ్యా. అమ్మాయ్."

ఆయన చాలాసేపు చూశారు. పెదాలు కూడదీసుకున్నారు. గొంతులో ఏదో కదిలింది.

"తొంభై నాలుగు" అన్నారు. అక్కడి నుంచి ఆఖరి దాకా, ఇంతవరకు ఎప్పుడూ అననంత మెత్తగా, ఒక్కొక్క జతే అన్నారు. అని, సరిగ్గా పిలిచానన్న ధీమాతో నా ముఖంలోకి చూస్తున్నారు.

"ఆఁ మావయ్యా" అన్నాను. "ఇక్కడే ఉన్నా."